సర్వర్‌లో ఎన్‌క్రిప్టెడ్ వాల్యూమ్: తాళం వేయడం నుంచి దాని మీద సర్వీస్ నడపడం దాకా

అర్ధరాత్రి రెండు గంటలకు సర్వర్ దానంతటదే రీబూట్ అయింది. మీరు నిద్రలో ఉన్నారు. ఇప్పుడు పాస్‌ఫ్రేజ్ ఎవరు కొడతారు? కొట్టేదాకా డేటాబేస్ ఏం చేస్తూ ఉంటుంది? డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్నలు ఇవి. ఫార్మాట్ చేసే కమాండ్ ఒక్క నిమిషం పని. తాళం ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి తీస్తారు, తీయకముందు ఏ సర్వీసూ లేవకుండా ఎలా ఆపాలి అన్నదే అసలు పని. అందుకే ఈ మార్గదర్శిలో సగం దాని గురించే ఉంటుంది.

ఇక్కడ చెప్పేదంతా లినక్స్ సర్వర్ మీద, లక్స్ అనే డిస్క్ ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో, డేటా కోసం విడిగా ఉన్న ఒక డిస్క్ గురించి. రూట్ డిస్క్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే డిస్క్‌ను, ఎన్‌క్రిప్ట్ చేయడం వేరే కథ. కమాండ్ల పేర్లు పలికినట్టే రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు వాటి మామూలు స్పెల్లింగే వాడండి. వాల్యూమ్‌కు నేను పెట్టుకున్న పేరు 'ఖజానా'. మీకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు, కానీ అందులో డ్యాష్ గుర్తు మాత్రం వద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇది ఆపేది ఏమిటి, ఆపలేనిది ఏమిటి

ఆగి ఉన్న డిస్క్‌ను కాపాడటానికే ఈ ఎన్‌క్రిప్షన్. పాడైపోయిందని వెనక్కి పంపిన డిస్క్, ఎవరో ఎత్తుకెళ్ళిన మెషీన్, క్లౌడ్‌లో మిగిలిపోయిన పాత స్నాప్‌షాట్, చెత్తలో పడేసిన ఎస్‌ఎస్‌డీ: వీటిని చేజిక్కించుకున్న వాడికి అర్థంలేని బైట్లు తప్ప ఏమీ దొరకవు. ఈ ఒక్క ప్రయోజనం కోసమైనా చేసి తీరాలని నా అభిప్రాయం. చనిపోయిన డిస్క్‌ను తుడవడం కుదరదు. ముందే ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే తుడవాల్సిన అవసరమే రాదు.

సర్వర్ నడుస్తూ, వాల్యూమ్ తెరిచి ఉన్నంతసేపు మాత్రం ఇది ఏ దాడినీ ఆపదు. వెబ్ అప్లికేషన్‌లో కన్నం ఉంటే ఆ కన్నం గుండా వచ్చినవాడికి ఫైళ్ళు మామూలుగానే కనిపిస్తాయి. రూట్ అధికారం, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం, దక్కినవాడు మెమరీలో ఉన్న కీని కూడా చదవగలడు. కరెంటు తీసేసిన వెంటనే ర్యామ్ ఖాళీ అయిపోతుందన్న నమ్మకాన్ని కూడా 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకుల బృందం వమ్ము చేసింది. చిప్‌లను చల్లబరిస్తే కీలు ఇంకా కొంతసేపు వాటిలోనే ఉంటాయని, వాటిని బయటికి తీయవచ్చని చేసి చూపించారు. మీది అద్దె వర్చువల్ మెషీన్ అయితే, దాన్ని నడిపించే హోస్ట్ మీద అధికారం ఉన్నవాళ్ళు మీ మెమరీని చూడగలరు. ఈ హద్దులు తెలిసి మొదలుపెడితే తర్వాత ఆశాభంగం ఉండదు.

లోపల ఏముందో ఒక్కసారి

అడుగున మామూలు డిస్క్. దాని మీద, లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లోని డీఎం-క్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ పొర. ఆ పొర మీద ఫైల్ సిస్టమ్. డీఎం-క్రిప్ట్‌కు రహస్య సంఖ్యలు తప్ప పాస్‌ఫ్రేజ్‌లూ, తాళాలు మార్చడాలూ తెలియవు. ఆ లోటు తీర్చడానికి క్లెమెన్స్ ఫ్రూవిర్త్ 2004 ప్రాంతంలో లక్స్‌ను రూపొందించారు. డిస్క్ మొదట్లో ఒక హెడర్ ఉంటుంది. డేటాను నిజంగా ఎన్‌క్రిప్ట్ చేసే వాల్యూమ్ కీ అందులోనే, ఎన్‌క్రిప్ట్ అయిన రూపంలో ఉంటుంది. మీ పాస్‌ఫ్రేజ్ తెరిచేది ఆ కీని మాత్రమే. పాస్‌ఫ్రేజ్ మార్చినా టెరాబైట్ల డేటాను మళ్ళీ ఎన్‌క్రిప్ట్ చేయనక్కర్లేకపోవడానికి కారణం ఇదే.

లక్స్‌ను నడిపే కమాండ్ పేరు క్రిప్ట్‌సెటప్. దాని 2.0 వెర్షన్‌తో పాటు 2017 చివర్లో లక్స్2 వచ్చింది, 2.1 నుంచి అదే డీఫాల్ట్. పాత లక్స్1లో 8 కీ స్లాట్లు, అంటే ఒక్కో పాస్‌ఫ్రేజ్‌కు ఒక్కో గది, ఉండేవి, లక్స్2లో 32 దాకా పెట్టుకోవచ్చు. పాస్‌ఫ్రేజ్ నుంచి కీ తయారుచేయడానికి లక్స్2 వాడేది ఆర్గాన్2. పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో 2015లో గెలిచిన అల్గారిథమ్ అది. సమయంతో పాటు మెమరీని కూడా బాగా తింటుంది కాబట్టి, గ్రాఫిక్స్ కార్డులతో పాస్‌ఫ్రేజ్‌లను గుడ్డిగా ప్రయత్నించేవాడికి పని చాలా ఖరీదవుతుంది.

మొదటి మెట్టు: ఏ డిస్కో తేల్చుకోవడం

తొందరపడకూడని చోటు ఇది. ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌కు ఎఫ్ ఆప్షన్ ఇచ్చి నడిపితే ప్రతి డిస్క్ మీద ఏ ఫైల్ సిస్టమ్ ఉంది, ఎక్కడ మౌంట్ అయిందో (ఏ డైరెక్టరీకి తగిలించి ఉందో) కనిపిస్తుంది. కొత్త డిస్క్ సైజు మీరు అనుకున్నంతే ఉందా, దాని మీద ఏ ఫైల్ సిస్టమ్ పేరూ కనిపించడం లేదా చూడండి. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లను నమ్మకండి. రీబూట్ తర్వాత ఈ రోజు ఎస్‌డీబీ అయింది రేపు ఎస్‌డీసీ కావచ్చు. డెవ్ డైరెక్టరీలో డిస్క్ కింద బై-ఐడీ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో తయారీదారు, మోడల్, సీరియల్ నంబర్ కలిపిన పేర్లు ఉంటాయి. ఫార్మాట్ చేసేటప్పుడు నేను ఆ పొడవాటి పేరే ఇస్తాను. ఆ పేరు పొరపాటున టైప్ అయ్యేది కాదు.

ప్రాసెసర్‌లో ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ అల్గారిథమ్‌ను హార్డ్‌వేర్‌లోనే చేసే సూచనలు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. ప్రాక్ డైరెక్టరీలోని సీపీయూఇన్ఫో ఫైల్‌లో ఫ్లాగ్స్ అన్న వరుసలో ఏఈఎస్ అనే మాట ఉండాలి. ఆ తర్వాత క్రిప్ట్‌సెటప్ బెంచ్‌మార్క్ నడపండి. ఏఈఎస్-ఎక్స్‌టీఎస్ వేగం మీ డిస్క్ వేగం కన్నా బాగా ఎక్కువ వస్తే, ఎన్‌క్రిప్షన్ వల్ల సర్వర్ నెమ్మదిస్తుందన్న టెన్షన్ అక్కర్లేదు. వర్చువల్ మెషీన్లలో ఒక్కోసారి ఆ ఫ్లాగ్ లోపలికి కనిపించదు. అప్పుడు వేగం గణనీయంగా పడిపోతుంది, సీపీయూ రకం మార్చమని హోస్ట్ సెట్టింగ్‌లోనే చెప్పాలి.

రెండో మెట్టు: ఫార్మాట్

కమాండ్ చిన్నదే: క్రిప్ట్‌సెటప్, ఆ తర్వాత లక్స్‌ఫార్మాట్, ఆ తర్వాత డిస్క్ పూర్తి పేరు. టైప్ ఆప్షన్‌లో లక్స్2 అని స్పష్టంగా ఇస్తే మంచిది. ఏఈఎస్-ఎక్స్‌టీఎస్-ప్లెయిన్64, 512 బిట్ల కీ అని రాసి పెట్టమని చెప్పేవాళ్ళున్నారు. లక్స్ ఫార్మాట్‌కు డీఫాల్ట్ సైఫర్ (ఎన్‌క్రిప్ట్ చేసే విధానం) ఎలాగూ అదే, కీ సైజు మాత్రం డిస్ట్రిబ్యూషన్‌ను బట్టి మారవచ్చు. 512 అన్న అంకె చూసి కంగారు పడొద్దు. ఎక్స్‌టీఎస్ విధానం రెండు కీలు వాడుతుంది కాబట్టి అది రెండు 256లు, అంటే ఏఈఎస్-256. డీఫాల్ట్ సైఫర్‌ను మార్చాల్సిన అవసరం మామూలు సర్వర్లకు రాదు. మార్చి తప్పు చేసినవాళ్ళే ఎక్కువ.

కమాండ్ కొట్టగానే డేటా మొత్తం పోతుందని హెచ్చరించి, యెస్ (వై, ఈ, ఎస్) అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయమంటుంది. చిన్న అక్షరాల్లో రాస్తే ఒప్పుకోదు. ఆ ఒక్క క్షణం ఆగి డిస్క్ పేరు మళ్ళీ చదవండి.

పాస్‌ఫ్రేజ్ విషయంలో నా సలహా: ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆరు మాటలు, పాచికలు వేసి జాబితా నుంచి ఎంచుకున్నవి. 7776 మాటల జాబితా నుంచి ఆరు తీస్తే సుమారు 77 బిట్ల బలం వస్తుంది. మాటల మధ్య వింత గుర్తులు పెట్టకండి. ఆపదలో మీరు దాన్ని కొట్టేది వెబ్ కన్సోల్‌లోనో, వేరే కీబోర్డ్ లేఅవుట్ ఉన్న రెస్క్యూ వాతావరణంలోనో కావచ్చు. అక్కడ డాలర్ గుర్తు, యాట్ గుర్తు వేరే మీటల మీద ఉంటాయి. మామూలు చిన్న అక్షరాలు దాదాపు ఎప్పుడూ మోసం చేయవు.

ఆర్గాన్2 ఎంత మెమరీ వాడాలో ఫార్మాట్ చేసిన మెషీన్‌ను చూసి నిర్ణయించుకుంటుంది, గరిష్ఠంగా ఒక గిగాబైట్ దాకా. పెద్ద మెషీన్‌లో ఫార్మాట్ చేసిన డిస్క్‌ను తర్వాత 512 మెగాబైట్ల చిన్న వర్చువల్ మెషీన్‌కు తగిలిస్తే, పాస్‌ఫ్రేజ్ సరైనదే అయినా మెమరీ చాలక తెరుచుకోదు. అలాంటి అవకాశం ఉంటే పీబీకేడీఎఫ్-మెమరీ ఆప్షన్‌తో ముందే తగ్గించి పెట్టుకోండి. దాని విలువ కిలోబైట్లలో ఇవ్వాలి.

ఒక పెద్ద అపోహ కూడా ఇక్కడే తీర్చాలి. లక్స్‌ఫార్మాట్ మొదట్లో హెడర్‌ను రాస్తుంది, అంతే. లక్స్2లో అది మామూలుగా 16 మెగాబైట్లు. ఆ డిస్క్ మీద అంతకుముందు తాళం లేని డేటా ఉండి ఉంటే, అది చాలా వరకు ఇంకా అలాగే పడి ఉంటుంది. కాబట్టి పాత డిస్క్ అయితే వాల్యూమ్‌ను తెరిచి (ఎలాగో నాలుగో మెట్టులో ఉంది), తెరుచుకున్న మ్యాపర్ పరికరం మీదికి డీడీ కమాండ్‌తో మొత్తం సున్నాలు రాయండి. మీరు రాసేవి సున్నాలే, కానీ డిస్క్ మీదికి చేరేసరికి ఎన్‌క్రిప్ట్ అయి యాదృచ్ఛిక బైట్లలా మారతాయి. గంటలు పట్టే పని, లాగౌట్ అయినా ఆగకుండా టీమక్స్‌లో వదిలేయండి. ఎస్‌ఎస్‌డీలకు బయటికి కనిపించని అదనపు బ్లాకులు ఉంటాయి, అందుకని వాటి విషయంలో ఈ తుడుపు నూటికి నూరు శాతం హామీ కాదు.

మూడో మెట్టు: హెడర్ బ్యాకప్, మరో తాళంచెవి

ఫైల్ సిస్టమ్ పెట్టడానికి ముందే ఇది చేయండి. హెడర్‌లో కీ స్లాట్లు దెబ్బతింటే, పాస్‌ఫ్రేజ్ గుర్తున్నా డేటా ఎప్పటికీ రాదు. సహాయం చేసేవాళ్ళు ఎవరూ ఉండరు. క్రిప్ట్‌సెటప్ లక్స్‌హెడర్‌బ్యాకప్ కమాండ్‌తో హెడర్‌ను ఒక ఫైల్‌లోకి తీసి, ఆ ఫైల్‌ను ఈ సర్వర్ మీద కాకుండా వేరే చోట దాచండి. తాళం వేసిన పెట్టెలోనే తాళంచెవి దాచకూడదు కదా.

దీనితో వచ్చే ఒక చిక్కు చాలామందికి తట్టదు. పాస్‌ఫ్రేజ్ బయటపడిందని అనుమానం వచ్చి మీరు మార్చారనుకుందాం. పాత హెడర్ బ్యాకప్‌లో పాత పాస్‌ఫ్రేజే ఉంటుంది, లోపలి వాల్యూమ్ కీ మాత్రం మారలేదు. ఆ పాత బ్యాకప్ ఫైల్, పాత పాస్‌ఫ్రేజ్ రెండూ దొరికినవాడు ఈ రోజు కూడా మీ డిస్క్ తెరవగలడు. కాబట్టి పాస్‌ఫ్రేజ్ మార్చిన ప్రతిసారీ కొత్త బ్యాకప్ తీసి పాతవన్నీ చెరిపేయండి. అనుమానం నిజమని తేలితే క్రిప్ట్‌సెటప్ రీఎన్‌క్రిప్ట్‌తో వాల్యూమ్ కీనే మార్చేయండి. లక్స్2లో వాల్యూమ్ వాడుకలో ఉండగానే ఇది చేయవచ్చు.

లక్స్‌యాడ్‌కీతో రెండో పాస్‌ఫ్రేజ్ కూడా పెట్టండి. ఒకటి రోజువారీ వాడుకకు, ఇంకొకటి కాగితం మీద రాసి భద్రంగా దాచడానికి. లక్స్‌డంప్ నడిపితే ఏ స్లాట్లు నిండాయో కనిపిస్తుంది.

పాస్‌ఫ్రేజ్ చేత్తో కొట్టే బదులు కీ ఫైల్ వాడేవాళ్ళకు ఒక సూక్ష్మమైన ఉచ్చు ఉంది, నేను ఒకసారి దానిలో పడి గంటసేపు తల పట్టుకున్నాను. పాస్‌ఫ్రేజ్‌ను ఎకో కమాండ్‌తో ఒక ఫైల్‌లోకి రాసి, ఆ ఫైల్‌ను కీ ఫైల్‌గా ఇచ్చాను. తెరుచుకోలేదు. చేత్తో అదే పాస్‌ఫ్రేజ్ కొడితే తెరుచుకుంటోంది. ఫైల్‌ను తెరిచి చూస్తే అక్షరం తేడా లేదు. చివరికి హెక్స్‌డంప్‌లో చూస్తే చివర 0ఏ అనే ఒక బైట్ కనిపించింది. ఎకో తనంతట తాను కలిపిన కొత్త వరుస గుర్తు అది. చేత్తో కొట్టేటప్పుడు క్రిప్ట్‌సెటప్ ఎంటర్ నొక్కిన చోట ఆగిపోతుంది, కీ ఫైల్‌ను మాత్రం చివరి బైట్ దాకా కీలో భాగంగానే చదువుతుంది. ఎకోకు ఎన్ ఆప్షన్ ఇస్తే, లేదా ప్రింట్‌ఎఫ్ వాడితే ఆ బైట్ రాదు.

నాలుగో మెట్టు: తెరవడం, ఫైల్ సిస్టమ్ పెట్టడం

క్రిప్ట్‌సెటప్ ఓపెన్, డిస్క్ పేరు, చివర ఖజానా. పాస్‌ఫ్రేజ్ ఇవ్వగానే డెవ్ డైరెక్టరీలోని మ్యాపర్ కింద ఖజానా అనే పరికరం పుడుతుంది. ఇక నుంచి ఫైల్ సిస్టమ్‌కు సంబంధించిన ప్రతి కమాండ్ దీని మీదే. పొరపాటున అసలు డిస్క్ మీద ఎంకేఎఫ్ఎస్ కొడితే హెడర్ మీద పడుతుంది, అప్పుడు ఇందాకటి బ్యాకప్ తప్ప గతి లేదు.

ఈఎక్స్‌టీ4 పెట్టాలా, ఎక్స్‌ఎఫ్ఎస్ పెట్టాలా? తర్వాత ఎప్పుడైనా చిన్నది చేయాల్సి వస్తుందనిపిస్తే ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్ఎస్ పెరుగుతుందే తప్ప ఇలాంటి సర్వర్లలో తగ్గదనే అనుకోండి. పెద్ద ఫైళ్ళు, ఒకేసారి చాలా రాతలు ఉంటే ఎక్స్‌ఎఫ్ఎస్. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటును రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది. డేటా డిస్క్‌కు అంత అక్కర్లేదు, ట్యూన్2ఎఫ్ఎస్‌కు ఎం ఆప్షన్ ఇచ్చి 1కి తగ్గించుకోవచ్చు.

మౌంట్ చేసే డైరెక్టరీని ఎస్ఆర్‌వీ కింద ఖజానా అని సృష్టించండి. సృష్టించిన వెంటనే, ఇంకా ఏదీ మౌంట్ చేయకముందే, సీహెచ్ఏటీటీఆర్ కమాండ్‌తో దానికి ప్లస్ ఐ గుణం పెట్టండి. అంటే ఆ ఖాళీ డైరెక్టరీలో రూట్ యూజర్ కూడా కొత్త ఫైల్ రాయలేడు. దాని మీద వాల్యూమ్‌ను మౌంట్ చేయడానికి ఇది అడ్డం రాదు. మౌంట్ అయ్యాక కనిపించేది లోపలి ఫైల్ సిస్టమ్, దానిలో రాతలు మామూలుగా సాగుతాయి. ఈ చిన్న పని ఎంత పెద్ద ఆపదను ఆపుతుందో ఇంకాసేపట్లో చెబుతాను.

మౌంట్ అయ్యాక డేటాబేస్ కోసం లోపల ఒక ఉప డైరెక్టరీ చేసి, యజమానిని, అనుమతులను దానికే ఇవ్వండి. నేరుగా వాల్యూమ్ పై అంచునే డేటాబేస్‌కు అప్పగిస్తే, అక్కడున్న లాస్ట్+ఫౌండ్ ఫోల్డర్‌ను చూసి పోస్ట్‌గ్రెస్ డైరెక్టరీ ఖాళీగా లేదని మొండికేస్తుంది. ఎస్ఈలినక్స్ అనే అదనపు భద్రతా పొర ఉన్న సర్వర్ అయితే కొత్త చోటుకు సరైన లేబుళ్ళు కూడా పెట్టాలి.

ఐదో మెట్టు: రెండు పట్టిక ఫైళ్ళు

ఈటీసీ డైరెక్టరీలో క్రిప్ట్‌ట్యాబ్, ఎఫ్ఎస్‌ట్యాబ్ అని రెండు ఫైళ్ళు. మొదటిది తాళం సంగతి, రెండోది మౌంట్ సంగతి. క్రిప్ట్‌ట్యాబ్‌లో నాలుగు గడులు: వాల్యూమ్ పేరు, డిస్క్, కీ, ఆప్షన్లు. నా వరుస ఇలా ఉంటుంది:

ఖజానా   యూయూఐడీ=(మీ డిస్క్‌ది)   నన్   లక్స్,నోఆటో

యూయూఐడీని, అంటే డిస్క్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్యను, క్రిప్ట్‌సెటప్ లక్స్‌యూయూఐడీ ఇస్తుంది. ఇక్కడ రాయాల్సింది బయటి డిస్క్‌ది, లోపలి ఫైల్ సిస్టమ్‌ది కాదు. ఈ రెండింటినీ తారుమారు చేయడం అందరూ చేసే తప్పు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో మ్యాపర్ పేరు, మౌంట్ చోటు, ఫైల్ సిస్టమ్ రకం, ఆ తర్వాత ఆప్షన్ల గడిలో నోఆటో, నోఫెయిల్.

నోఆటో అంటే బూట్ అయ్యేటప్పుడు దీని జోలికి వెళ్ళొద్దని. నోఫెయిల్ అంటే అది లేకపోయినా బూట్ ఆగకూడదని. ఈ రెండూ మరిస్తే కొంప మునుగుతుంది. సర్వర్ బూట్ అవుతూ పాస్‌ఫ్రేజ్ కోసం కూర్చుంటుంది, రాకపోతే ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. దూరం నుంచి లాగిన్ కావడానికి కావలసిన ఎస్‌ఎస్‌హెచ్ సర్వీస్ అప్పటికి లేవనే లేవదు. కన్సోల్ లేని సర్వర్ అయితే మీరు బయట, తాళం లోపల.

మార్పులు చేశాక సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ కొట్టండి. సర్వీసులను లేపే, ఆపే సిస్టమ్‌డీ ఈ రెండు పట్టికలను చదివి యూనిట్లు, అంటే ఒక్కో పనికి ఒక్కో వివరణ ఫైల్, తయారు చేస్తుంది: తాళం తీయడానికి సిస్టమ్‌డీ-క్రిప్ట్‌సెటప్@ఖజానా సర్వీస్, మౌంట్‌కు ఎస్ఆర్‌వీ-ఖజానా మౌంట్ యూనిట్. దారిలోని స్లాష్ గుర్తు యూనిట్ పేరులో డ్యాష్‌గా మారుతుంది. అందుకే మీ సొంత పేరులో డ్యాష్ ఉంటే దాన్ని వెనక స్లాష్, ఎక్స్2డీ అంటూ మార్చి రాయాల్సి వస్తుంది. డెబియన్ 13లో సిస్టమ్‌డీ-క్రిప్ట్‌సెటప్ అనేది విడి ప్యాకేజీ. అది లేకపోతే క్రిప్ట్‌ట్యాబ్ వరుస ఎంత సరిగ్గా ఉన్నా ఏమీ జరగదు.

ఆరో మెట్టు: సర్వీసులను తాళానికి కట్టేయడం

నేను మొదట్లో నిర్వహించిన ఒక సర్వర్‌లో పై మెట్లన్నీ సరిగ్గానే చేశాను, ఈ ఒక్కటి తప్ప. ఒక రాత్రి కెర్నల్ అప్‌డేట్ తర్వాత మెషీన్ రీబూట్ అయింది. వాల్యూమ్ తెరుచుకోలేదు, అది సరే. కానీ అప్‌లోడ్‌లు తీసుకునే సర్వీస్ బూట్‌తో పాటే లేచింది. తనకు కావలసిన డైరెక్టరీ కనిపించకపోతే తానే సృష్టించుకునే మంచి గుణం దానికుంది. ఎస్ఆర్‌వీ కింద ఖాళీగా ఉన్న డైరెక్టరీలో ఫోల్డర్లు చేసుకుని, తెల్లారేదాకా జనం పంపిన ఫైళ్ళన్నీ ఎన్‌క్రిప్షన్ లేని రూట్ డిస్క్ మీద రాసుకుంటూ పోయింది. పొద్దున నేను లాగిన్ అయి, తాళం తీసి మౌంట్ చేశాను. అంతా బాగుందనుకున్నాను. రాత్రి వచ్చిన ఫైళ్ళు కనిపించడం లేదని ఒకరు ఫోన్ చేసేదాకా, అవి మౌంట్ కింద కప్పబడి ఉన్నాయని నాకు తెలియలేదు. వాల్యూమ్‌ను అన్‌మౌంట్ చేస్తే అడుగున అన్నీ ఉన్నాయి, ఎవరైనా చదవగలిగే రూపంలో. వాటిని లోపలికి చేర్చడం ఒక పూట పని. రూట్ డిస్క్ మీద మిగిలిన వాటి జాడలను మాత్రం పూర్తిగా చెరిపామని ఎప్పటికీ చెప్పలేను.

అందుకే మూడు కాపలాలు పెట్టండి.

ఖాళీ డైరెక్టరీకి ప్లస్ ఐ పెట్టడం మొదటిది, అది ఇందాకే అయింది. అది ఉండి ఉంటే ఆ రాత్రి సర్వీస్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది.

రెండోది, వాల్యూమ్ మీద ఆధారపడే ప్రతి సర్వీస్‌కూ సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో ఒక చిన్న అదనపు ఫైల్. అందులో యూనిట్ అన్న శీర్షిక కింద ఇవి:

రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్=/ఎస్ఆర్‌వీ/ఖజానా
అసర్ట్‌పాత్‌ఈజ్‌మౌంట్‌పాయింట్=/ఎస్ఆర్‌వీ/ఖజానా
పార్ట్‌ఆఫ్=ఖజానా.టార్గెట్

మొదటి వరుస మౌంట్ అయ్యాకే లేవమంటుంది. రెండోది, అది నిజంగా మౌంట్ అయిన చోటు కాకపోతే గట్టిగా ఫెయిల్ అవమంటుంది. కండిషన్ అనే రూపం కూడా ఉంది కానీ, అది చప్పుడు చేయకుండా దాటేస్తుంది. లాగ్‌లో ఎర్రగా కనిపించే వైఫల్యమే నాకు కావాలి. మూడో వరుసలోని టార్గెట్ సంగతి కాసేపట్లో వస్తుంది. డెబియన్‌లో పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్ళు ఒకటి గమనించాలి. పోస్ట్‌గ్రెస్ సర్వీస్ అని కనిపించేది పైపై తొడుగు మాత్రమే, అసలు సర్వర్‌ను నడిపేది వెర్షన్, క్లస్టర్ పేర్లున్న యాట్ గుర్తు యూనిట్. ఈ వరుసలు దానికి పెట్టాలి.

మూడోది, ఈ సర్వీసులను సిస్టమ్‌సీటీఎల్ డిసేబుల్‌తో బూట్ జాబితా నుంచి తీసేయడం. ఇది చేయకపోతే, నోఆటో పెట్టినా సరే, రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ మౌంట్‌ను తన వెంట లాక్కొస్తుంది. మౌంట్ తాళాన్ని లాక్కొస్తుంది. బూట్ మధ్యలో పాస్‌ఫ్రేజ్ ప్రశ్న వచ్చి కూర్చుంటుంది.

మరి వాటిని లేపేది ఎవరు? ఈటీసీలో సిస్టమ్‌డీ, సిస్టమ్ డైరెక్టరీల కింద ఖజానా.టార్గెట్ అనే ఫైల్. టార్గెట్ అంటే కొన్ని యూనిట్లను కలిపి ఒకేసారి లేపే గుంపు:

[యూనిట్]
రిక్వైర్స్=సిస్టమ్‌డీ-క్రిప్ట్‌సెటప్@ఖజానా.సర్వీస్ ఎస్ఆర్‌వీ-ఖజానా.మౌంట్
ఆఫ్టర్=సిస్టమ్‌డీ-క్రిప్ట్‌సెటప్@ఖజానా.సర్వీస్ ఎస్ఆర్‌వీ-ఖజానా.మౌంట్
వాంట్స్=(మీ డేటాబేస్, అప్‌లోడ్, వెబ్ సర్వీసుల పేర్లు)

ఇన్‌స్టాల్ శీర్షిక కావాలనే పెట్టలేదు. ఇది దానంతటది ఎప్పుడూ లేవకూడదు. సర్వర్ రీబూట్ అయ్యాక ఎస్‌ఎస్‌హెచ్‌లో లోపలికి వచ్చి సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ ఖజానా.టార్గెట్ అంటే చాలు. అదే టెర్మినల్‌లో పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది, తాళం తీస్తుంది, మౌంట్ చేస్తుంది, సర్వీసులను లేపుతుంది. పార్ట్‌ఆఫ్ వరుస ఉంది కాబట్టి టార్గెట్‌ను స్టాప్ చేస్తే సర్వీసులన్నీ ఆగుతాయి. ఆ తర్వాత మౌంట్ యూనిట్‌ను, క్రిప్ట్‌సెటప్ సర్వీస్‌ను ఆ వరుసలోనే ఆపండి. బిజీగా ఉందని మొరాయిస్తే ఎఫ్‌యూజర్ కమాండ్ ఎవరు పట్టుకుని కూర్చున్నారో చెబుతుంది. చాలాసార్లు అది ఆ డైరెక్టరీలోనే ఉండిపోయిన మీ మరో టెర్మినల్.

మనిషి లేకుండా తెరుచుకోవాలంటే

ప్రతి రీబూట్‌కూ మనిషి రావడం కుదరని సర్వర్లు ఉంటాయి. అప్పుడు మూడు దారులు.

కీ ఫైల్‌ను రూట్ డిస్క్ మీద, రూట్ యూజర్ మాత్రమే చదవగలిగేలా పెట్టి, క్రిప్ట్‌ట్యాబ్‌లో నన్ బదులు దాని దారి రాయడం అన్నిటికన్నా సులువు. డేటా డిస్క్ ఒక్కటే విడిగా పోతే ఇది కాపాడుతుంది. మెషీన్ మొత్తం పోతే తాళంచెవిని గుమ్మానికి వేలాడదీసినట్టే. క్లౌడ్‌లో డేటా వాల్యూమ్ స్నాప్‌షాట్లు బయటపడతాయేమో అన్నదే మీ భయమైతే ఇది సరిపోతుంది.

టీపీఎం చిప్ (కీలను తన లోపలే దాచే భద్రతా చిప్) ఉన్న మెషీన్లలో సిస్టమ్‌డీ-క్రిప్ట్‌ఎన్‌రోల్‌తో కీని ఆ చిప్‌కు కట్టవచ్చు. సిస్టమ్‌డీ 248 నుంచి, అంటే 2021 నుంచి ఇది ఉంది. డిస్క్‌ను వేరే మెషీన్‌కు మారిస్తే తెరుచుకోదు. కానీ మెషీన్‌నే ఎత్తుకెళ్ళి ఆన్ చేస్తే తెరుచుకుంటుంది. మదర్‌బోర్డ్ మార్చినా, మీరు కట్టిన బూట్ కొలతలు ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో మారినా చిప్ కీ ఇవ్వదు, కాబట్టి పాస్‌ఫ్రేజ్ స్లాట్‌ను ఎప్పుడూ తీసేయకండి.

నాకు అన్నిటికన్నా నచ్చినది ట్యాంగ్, క్లెవిస్ జోడీ. మీ నెట్‌వర్క్‌లో మరో చోట ట్యాంగ్ సర్వర్ ఉంటుంది. మీ సర్వర్‌లోని క్లెవిస్ బూట్ సమయంలో దానితో మాట్లాడి కీని తిరిగి లెక్కకట్టుకుంటుంది. మీ కీ ట్యాంగ్ దగ్గర ఉండదు, నెట్‌వర్క్ మీద ప్రయాణించదు. దొంగిలించిన మెషీన్ ఆ నెట్‌వర్క్‌లో లేదు కాబట్టి తెరుచుకోదు. ఒక్క జాగ్రత్త: ట్యాంగ్ సర్వర్‌ను అదే ఎన్‌క్రిప్టెడ్ వాల్యూమ్ మీద నడిచే వర్చువల్ మెషీన్‌గా పెట్టకండి. కరెంటు పోయి వచ్చిన రోజు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఉండిపోతాయి.

పక్కదారిన కారిపోయేవి

వాల్యూమ్ ఎంత గట్టిదైనా డేటా వేరే దారుల్లో బయటికి వస్తుంది. మెమరీ చాలనప్పుడు స్వాప్‌లోకి, అంటే డిస్క్ మీది తాత్కాలిక చోటులోకి, పోయినవి తాళం లేకుండానే డిస్క్ మీద పడతాయి. స్వాప్ పార్టిషన్‌కు క్రిప్ట్‌ట్యాబ్‌లో కీగా డెవ్ యూర్యాండమ్, ఆప్షన్‌గా స్వాప్ అని ఇస్తే ప్రతి బూట్‌కూ కొత్త కీతో మొదలవుతుంది, పాతది ఎవరికీ అక్కరకు రాదు. టెంప్ డైరెక్టరీలు, ప్రోగ్రామ్ కూలినప్పుడు దాని మెమరీని రాసే కోర్ డంప్‌లు, క్వెరీలను పూర్తిగా రాసే డేటాబేస్ లాగ్‌లు కూడా చూసుకోండి. మౌంట్ అయిన చోటు నుంచి తీసే బ్యాకప్ మామూలు ఫైళ్ళే, దానికి విడిగా ఎన్‌క్రిప్షన్ కావాలి.

ఎస్‌ఎస్‌డీ అయితే ఖాళీ అయిన బ్లాకులను డిస్క్‌కు తెలియజేసే డిస్కార్డ్ ఆప్షన్ పెట్టాలా అన్న ప్రశ్న వస్తుంది. పెడితే ఏ బ్లాకులు ఖాళీయో బయటికి తెలుస్తుంది, లోపలి డేటా తెలియదు. ఎక్కువమంది సర్వర్లకు ఆ మాత్రం సమాచారం పోవడం పెద్ద నష్టం కాదని, వారానికోసారి ట్రిమ్ (అలా తెలియజేసే పని) నడవడం మేలని నేననుకుంటాను.

జనానికి అప్పగించే ముందు

కావాలని రీబూట్ చేయండి. తాళం తీయకముందు ఎస్‌ఎస్‌హెచ్‌లో లోపలికి రాగలుగుతున్నారా? సర్వీసులు ఆగి ఉన్నాయా? ఎస్ఆర్‌వీ కింద ఖజానాలో టచ్ కమాండ్‌తో ఒక ఫైల్ సృష్టించబోతే నిరాకరిస్తోందా? డేటాబేస్‌ను చేత్తో స్టార్ట్ చేసి, పాస్‌ఫ్రేజ్ అడిగినప్పుడు కావాలనే తప్పు కొట్టి, అది లేవకుండా ఆగిందని చూడండి. తర్వాత టార్గెట్‌ను స్టార్ట్ చేసి ఫైండ్‌ఎంఎన్‌టీతో నిజంగా మ్యాపర్ పరికరమే మౌంట్ అయిందా అని చూసుకోండి. కాగితం మీద రాసి దాచిన రెండో పాస్‌ఫ్రేజ్‌ను ఒక్కసారైనా కొట్టి చూడండి. క్రిప్ట్‌సెటప్ ఓపెన్‌కు టెస్ట్-పాస్‌ఫ్రేజ్ ఆప్షన్ ఇస్తే ఏదీ తెరవకుండానే అది పనిచేస్తుందో లేదో చెబుతుంది. మీరు లేనప్పుడు ఆ కాగితం వాడాల్సిన మనిషి చేతనే ఈ పని చేయించండి, పక్కన కూర్చుని, నోరు మెదపకుండా. ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీ సూచనల కాగితంలో ఒక వాక్యం తక్కువైందని అర్థం.

చోటు చాలకపోతే డిస్క్‌ను పెంచి, క్రిప్ట్‌సెటప్ రీసైజ్, ఆ తర్వాత రీసైజ్2ఎఫ్ఎస్ లేదా ఎక్స్‌ఎఫ్ఎస్‌కు దాని సొంత గ్రోఎఫ్ఎస్, ఈ వరుసలో నడపండి. రీసైజ్ మధ్యలో పాస్‌ఫ్రేజ్ అడిగితే కంగారు పడకండి, లక్స్2లో అది మామూలే.

ఇక డిస్క్ ఆయుష్షు తీరిన రోజు. క్రిప్ట్‌సెటప్ లక్స్‌ఇరేజ్ అన్ని కీ స్లాట్లను చెరిపేస్తుంది, క్షణాల్లో. దాచిన హెడర్ బ్యాకప్‌లను కూడా అదే రోజు చెరపండి. అవి మిగిలి ఉన్నంతకాలం ఆ డిస్క్ ఇంకా తెరుచుకునే డిస్కే.